అన్ని ఊళ్ళకూ ఒకే కొలత

సభకు అధ్యక్షులైన మా జనరల్ మేనేజర్ జయరామ్ గారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా కూర్చున్న మిత్రులకు, పాలు పోసే పల్లెల నుంచి పొద్దున్నే బస్సులెక్కి వచ్చిన అక్కలకు, అన్నలకు, ఈ రోజు పదవీ విరమణ చేస్తున్న మా ధనశేఖర్ సార్‌కు, ఆయన శ్రీమతి మోహన గారికి నమస్కారం. నేను రూపశ్రీని, పల్లెల్లో పాల కేంద్రాలు చూసుకొనే సూపర్‌వైజర్ని. సార్ గురించి రెండు ముక్కలు చెప్పమన్నారు. రెండు ముక్కలతో ఆగే అలవాటు నాకు లేదని తెలిసే కాబోలు, జయరామ్ గారు మైకు ఇస్తూ గడియారం చూసుకున్నారు. (నవ్వులు)

మన డెయిరీలో నివేదికలు, గ్రాఫులు చూసేది సారే. తిరుపతి ఆఫీసులో ఎవరైనా గ్రాఫు పట్టుకొని ఆయన గదిలోకి వెళితే, గీత పైకి పోతోందా కిందికి పోతోందా అని ఆయన అడగరు. ముందు నిలువు అక్షం మీద అంకెలు ఎక్కడ మొదలయ్యాయో చూస్తారు. ఆ అలవాటు విలువ నాకు ముద్దురాళ్ళపల్లె సంగతిలో తెలిసింది.

కొన్నేళ్ళ కిందటి ఎండాకాలం. ఆ ఊరి పాలలో వెన్న శాతం పడిపోయిందని కొత్త సాఫ్ట్‌వేర్ ఒక గ్రాఫు చూపించింది. గీత తిరుమల కొండ మీంచి కింద అలిపిరికి దూకినట్టుంది. నీళ్ళు కలుపుతున్నారని సార్ లేని మీటింగులో తేల్చేశారు, కేంద్రం మూసేద్దామన్నారు, ఆ మాట ఊళ్ళో చెప్పే పని నా మీద పడింది. కేంద్రం నడిపే మునిరత్నమ్మక్క, అదిగో రెండో వరుసలో కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుతోంది, ఆ రోజు నవ్వలేదు.

"పాలు తీసుకోకుంటే పోనీలేమ్మా. నీళ్ళు కలిపినామనే మాట మాత్రం మా మింద ఏసి పోవద్దు. ఈ ఎండల్లో ఆవుకు పచ్చిగడ్డి యాడుండాది?" అంది.

తిరిగొచ్చి సార్‌కు చెప్పాను. ఆయన గ్రాఫు తెరిచి నా వైపు తిప్పి, "ఈడ సూడమ్మా, అక్షం ఎంతలో మొదలయింది?" అన్నారు. మూడు పాయింట్ ఎనిమిది నుంచి నాలుగు పాయింట్ ఒకటి వరకే ఉంది. పడింది పిసరంత, ఆ ఇరుకు కొలతలో అది లోయలా కనబడింది. పక్క ఊరికేమో కంప్యూటరు సున్నా నుంచి ఎనిమిది దాకా పెట్టుకొంది; అక్కడా అంతే పడినా గీత చాప పరిచినట్టుంది. ఎవరూ చెప్పకుండానే, ఒక్కో ఊరికి ఒక్కో కొలత.

సార్ సెట్టింగుల్లోకి వెళ్ళి అన్ని కేంద్రాలకూ మూడు నుంచి అయిదు అని ఒకే కొలత బిగించారు. కళ్ళకు అడ్డుపడే దట్టమైన అడ్డగీతలను పలచన చేసి, మనం ఒప్పుకొనే కనీస శాతం దగ్గర మాత్రం ఒక ఎర్ర గీత పెట్టారు. తర్వాతి మీటింగులో అన్నిటినీ పక్కపక్కనే చూపించారు. అన్ని ఊళ్ళూ ఆ ఎండకు ఒకే తీరుగా దిగాయి. ఏదీ ఎర్ర గీతను తాకలేదు. సున్నా నుంచే పెట్టొచ్చు కదా అని జయరామ్ గారు అడిగారు. "అట్ల పెడితే నిజంగా నీళ్ళు కలిపినోడు కూడా కనపడడు సార్" అన్నారీయన. కేంద్రం నిలిచింది. ఆ కబురు చెప్పడానికి సారే నాతో వచ్చి, పొరపాటు ఆఫీసుదేనని ఊరందరి ముందూ ఒప్పుకొన్నారు. మునిరత్నమ్మక్క ఆయన చేతికి గిన్నెడు జున్ను ఇచ్చింది.

కొలతల్లో ఇంత కచ్చితమైన మనిషి ఒక్కసారి తప్పారట. నిన్న వాళ్ళింటికి వెళితే మోహన గారే చెప్పారు. పోయినేడు ఆమెకు షుగరు పెరిగితే సార్ గ్రాఫు గీసి ఫ్రిజ్ మీద అంటించారట. ఆమె భయపడుతుందని అక్షాన్ని రెండు వేల దాకా పెట్టారట, గీత నేల మీద పాకిందట. (నవ్వులు) తల దించుకోకండి సార్. మరి మీకు తెలియలేదా అని ఆమెను అడిగాను.

"తెలీకేమమ్మా, ఇన్నేండ్లు ఈయన పక్కన ఉన్నాను. నాకోసరం కొలత మార్చినాడే ఈ మనిషి అని, ఆ పొద్దు నుంచి ఒక్క మాత్ర కూడా మానలేదు" అన్నారు.

సార్, రేపు ఏదో గ్రాఫు పట్టుకొని మీ గది దాకా వచ్చేస్తాను, నాకు తెలుసు. తలుపు దగ్గర గుర్తొస్తుంది. మా పల్లెలను న్యాయంగా చూసినందుకు మీకు, మిమ్మల్ని ఇన్నాళ్ళు మాకు వదిలిపెట్టినందుకు మోహన గారికి, ఓపికగా విన్నందుకు మీ అందరికీ ధన్యవాదాలు. వెనక నుంచి భోజనాల వాసన వస్తోంది, ఇక నన్నెవరూ వినరు. సెలవు.