ఆకురాయి గీత

పెరటి గుమ్మంలో, పొద్దుటి వెలుగు పడే చోట స్టూలు వేసి ఆయన్ని కూర్చోబెట్టింది. రేజర్ల ఫ్యాక్టరీలో ఇరవై తొమ్మిదేళ్లు చెకింగు చేసిన కుడిచెయ్యి పక్షవాతం వచ్చిన దగ్గర్నుంచి ఒళ్లో తువ్వాలు మీద ఊరికే పడి ఉంటోంది. గడ్డానికి నురగ పట్టించి గీస్తున్నది ఆయన భార్య.

"...కదలకండి మరి. మీరు మాట్లాడితే దవడ కదుల్తుంది, దవడ కదిల్తే నా చెయ్యి కదుల్తుంది."

"మాట్లాడకపోతే నాకు నిద్రొస్తుంది. చెప్పు, ఎంతన్నాడు?"

"ఎవరు?"

"ఆ పాత సామాన్ల అద్దాల కొట్టువాడే. నిన్న వెళ్లానన్నావుగా."

"వెళ్లడమేమిటి, దారిలో ఉంటే తొంగిచూశాను. మన ఫ్యాక్టరీ రేజర్లని మఖమల్ గుడ్డ మీద పడుకోబెట్టాడు, చంటిపిల్లల్ని పడుకోబెట్టినట్టు. ఒక్కోటి పద్దెనిమిది వందలట."

"ఎంతా?"

"చెప్పానా కదలొద్దని! పద్దెనిమిది వందలు. కుర్రాళ్లు ఎగబడుతున్నారు. ఆ ప్లాస్టిక్ పిడులకి మార్చుకునే ముక్కలు కొనలేక వాళ్లకి విసుగొచ్చేసిందట. దీనికైతే టీ డబ్బులు పెడితే బ్లేడు, రెండు పక్కలా గీసుకోవచ్చు, పిడి మనవడి దాకా వస్తుంది. ఇదంతా వాడు నాకు పాఠం చెబుతున్నాడు."

"నీకా!"

"నాకే. ఇరవై ఆరేళ్లు రేజరు తలలు బిగించినదానికి. సరే నాయనా అని విన్నాను."

"ఎవరికీ అక్కర్లేదనేగా మూసేశారు. ఆఖరి రోజు బస్తాల్లో పోసి ఇత్తడి తూకానికి అమ్మారు. ఒక్క బస్తా మంచం కింద దాచి ఉంటే..."

"మంచం విరిగేది. గడ్డం పైకెత్తండి."

"గీత ఉన్నవి కూడా పెట్టాడా?"

"ఏ గీత?"

"పిడి అడుగున. ఆకురాయి గీత."

"నీళ్లు చల్లారిపోయాయి. మార్చుకొస్తానుండండి."

"నీళ్లు బానే ఉన్నాయి. పెట్టాడా, లేదా?"

"ఒకటుంది. దానికి వేరే పెట్టె. అరుదైన రకమట. ఐదు వేలని చీటీ అంటించాడు."

"ఐదు వేలా! ఒసేయ్, ఆ గీత పెట్టింది నేనే! పనికిరాదని పక్కన పడేసేదానికేగా గీత పెట్టేది! మంచివాటికి పద్దెనిమిది వందలు, చచ్చువాటికి ఐదు వేలా?"

"నవ్వకండి, తెగుతుంది."

"తెగదులే. ఈ రేజరుతో తెగదు."

"అంటే?"

"పదకొండు రోజులై గడ్డం కింద గాటు పడలేదే. కుడిపక్క మొద్దుబారింది గానీ ఎడమపక్క ఇంకా నాదే. నా రేజరు అక్కడ కొరకని రోజు లేదు. నువ్వు మొదటిసారి పెట్టి లాగినప్పుడే తెలిసింది, ఇది నాది కాదని."

"తెలిసి పదకొండు రోజులు నోరు మూసుకు కూర్చున్నారా?"

"నువ్వెప్పుడు చెబుతావా అని చూశాను."

"వంకల మాస్టారని ఊరికే పిలిచారా మిమ్మల్ని! అమ్మేశానండీ. పన్నెండొందలిచ్చాడు. అందులో మూడొందలు పెట్టి ఈ కొత్తది కొన్నాను. మిగతాది మీ చేతికి కసరత్తు చేయించే అమ్మాయికి. ఇంకేం చెయ్యమంటారు? మొన్న రెండు వేళ్లు కదిలాయి."

"ఒకటిన్నర."

"ఆ ఒకటిన్నరా దాని పుణ్యమే."

"అమ్మినందుకు కాదే. ఆ గీత ఏమిటో వాడికి చెప్పావా?"

"చెబితే కొంటాడా?"

"ఫ్యాక్టరీ మనిషివి. తెలిసి తెలిసి..."

"తెలుసు. తుక్కు ధరకి వస్తుందని తెచ్చుకున్నారనే నేను అనుకున్నాను. వాడేమో గీత చూసి కళ్లు ఇంతింత చేశాడు. నేను నోరు విప్పలేదంతే. అబద్ధమైతే ఆడలేదు."

"ఎవడో పిచ్చాడు ఐదు వేలు పోసి కొనుక్కుని మెడ కోసుకుంటాడు. వెళ్లి చెప్పు."

"చెబితే డబ్బు వెనక్కిమ్మంటాడు. ఆ అమ్మాయి రావడం మానేస్తుంది. మీ ఒకటిన్నర వేలు అక్కడే ఆగిపోతుంది. సరేనా?"

"చెప్పు."

"ఆలోచించి అనండి."

"ఆలోచించే అంటున్నా. చెప్పు."

"ఫ్యాక్టరీ పోయి పన్నెండేళ్లయింది. ఇంకా ఎవరి కోసమండీ ఈ చెకింగు? జీతమైనా ఇవ్వడం లేదు."

"నా చేతిమీదుగా గేటు దాటిన చెడ్డ పీసు అదొక్కటే. ఇంకెవర్నీ కొయ్యకూడదని నా గడ్డానికే పెట్టుకున్నాను ఇన్నేళ్లూ."

"అదైనా ఎందుకు దాటించారు? కన్నతల్లి చేసినా పక్కన పడేసే మనిషి మీరు."

"పోనిద్దూ. గీయి."

"గీయను. చెప్పండి."

"సగం గడ్డంతో కూర్చోబెడతావా?"

"సాయంత్రం దాకా."

"అప్పటికి నన్ను చెకింగుకి వేసి మూడేళ్లు. బ్లేడు కూర్చునే సందు వంకరగా ఉందని చూసి, అలవాటుగా గీత పెట్టేశాను. తర్వాత బల్ల నంబరు చూశాను. పదిహేడు. ఆ పూట పదిహేడు నుంచి అప్పటికే రెండు చెడ్డవి వచ్చాయి. మూడోది వస్తే ఇంటికి పంపేసేవాళ్లు, గుర్తుందిగా. చేరి నెల కూడా కాని పిల్ల. తల వంచుకుని బిగిస్తోంది పాపం. ఆ మూడోదాన్ని తట్టలో వెయ్యలేదు. నా అన్నం డబ్బాలో పడేసుకున్నాను."

"పదిహేడు..."

"నీ బల్లే. అప్పటికి నీ పేరు కూడా తెలీదు నాకు. ఇన్నేళ్లలో చెప్పుకోలేదు గానీ, నీ పని నిలబెట్టింది ఆ ముక్కేనే."

"ఉండండి, రేజరు కడుక్కుంటాను."

"ఏమే, కడిగిందే కడుగుతున్నావేం? ఎడమపక్క ఇంకా ఉంది."

"రేపు కొట్టుకి వెళ్లి చెబుతానండీ. ఆ సందు దానంతటది వంకర పోలేదు, నేనే వంచానని కూడా చెబుతాను."

"వంచావా?"

"మళ్లీ బడికి పోతానంటే మా నాన్న పని మాననివ్వలేదు. వాళ్లే పంపేస్తే ఏమీ అనలేడని, ఆ పూట మూడింటిని బల్ల అంచుకేసి వంచాను. రెండే దొరికాయన్నారు. ఆ మూడోది ఏమైపోయిందా అని ఇరవై ఆరేళ్లూ ఆ బల్ల దగ్గరే కూర్చుని వెతుక్కున్నానండీ."