కుడి రెక్కకు నెయిల్ ఫైలు

నరసరావుపేట గాజుల కొట్లలో మగవాడు ఒంటరిగా కనబడ్డాడంటే ఇంట్లోవాళ్ళు పంపి ఉండాలి, లేదా ఇంట్లోవాళ్ళకు తెలియకుండా వచ్చి ఉండాలి. బొల్లాపల్లి సచివాలయంలో సర్వేయరుగా చేసే శ్రీకాంత్ రెండో రకం. మధ్యాహ్నం బేరాలు లేని వేళ చూసుకుని షంషాద్ ఫ్యాన్సీ కొట్టు మెట్టెక్కాడు. ఎక్కీ ఎక్కకముందే నెయిల్ ఫైలు అడిగి, ఒక అబద్ధం కూడా ఆడేశాడు.

"గోళ్ళకేనా?"

"గోళ్ళకేలే షంషాదక్కా."

"ఎవరి గోళ్ళకి?"

"మా చెల్లికి."

"నీకు చెల్లెలెప్పుడు పుట్టింది శ్రీకాంతూ? మొన్న మీ అమ్మ గాజులు తొడిగించుకుని గంటసేపు కూర్చుంది, ఆ ముక్క చెప్పనే లేదు."

"సొంత చెల్లి కాదక్కా. బాబాయి కూతురు."

"మీ బాబాయికి ఇద్దరూ మగపిల్లలే."

"నువ్వు నెయిల్ ఫైళ్ళు అమ్ముతావా, రేషన్ కార్డులు చూస్తావా?"

"రెండూ చూస్తా. ఇదిగో, ఇది ఇనుపది. ఇది అట్టది. ఇది గాజుది. ఇది స్పాంజిది, బఫరంటారు, నాలుగు పక్కలా నాలుగు రకాల గరుకు. ఏది కావాల?"

"ఆ పైనున్నదేంది, బ్యాటరీది?"

"అది కాలి మడమలు రాసుకునే మిషను."

"అదివ్వు. తొందరగా అయిపోద్ది."

"మీ చెల్లి గోళ్ళకా?"

"ఆ."

"తర్వాత వేళ్ళుంటయ్యా?"

"మెల్లగా పెడితే?"

"తమ్ముడూ, జేబులో ఉన్నది తియ్. ఇందాకట్నుంచి చూస్తన్నా, లోపల తేలున్నట్టు అదిమి పట్టుకున్నావు."

"ఏం లేదక్కా."

"తియ్."

"నవ్వకూడదు మరి."

"నవ్వను. రుమాలు విప్పు. ఏందిది? పందికొక్కు కొరికిందా?"

"నేనే."

"నువ్వు కొరికావా?"

"కొరకలా. రాశా. ఉప్పుకాగితంతో. కోటప్పకొండ తిరనాళ్ళ ప్రభకి రంగులేసేప్పుడు కర్రలు రాయడానికి మా మామ తెచ్చాడు. మిగిలింది అటక మీదుంటే దించా. ఎనభై నంబరు. ఎనభయ్యే గదా, తక్కువ గరుకనుకున్నా."

"నంబరు తక్కువైతే గరుకెక్కువ. ఎనభై అంటే దున్నడమే. తమలపాకంత లేదు ఈ రెక్క, దీన్ని దున్నావా?"

"ఇది రెక్కని నీకెట్టా తెలిసింది?"

"చూస్తే తెలవదా? విమానం రెక్క. కుడిది."

"కుడిదని కూడా..."

"మెల్లగా మాట్లాడు."

"ఎందుకు?"

"ఊరికే. చెప్పు, అసలేమైంది?"

"గురజాల సంబంధం చూసొచ్చాం గదా. యశస్విని. ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుద్ది. చూపులకి ముందురోజు బ్రహ్మయ్య బాబాయి ఇంటికొచ్చాడు."

"పెళ్ళిళ్ళు కుదిర్చే బ్రహ్మయ్యేనా?"

"ఆయనే, వరసకి బాబాయి. 'ఒరేయ్, ఆ పిల్లకి ప్లాస్టిక్ విమానాలు చెయ్యడమంటే ప్రాణం. పెట్టెలో ముక్కలొస్తయ్, కత్తిరించి, కత్తిరించినచోట మిగిలే బొడిపెలు రాసి, అతికించాలి. నీకూ అదే పిచ్చని చెప్పా. అక్కడ నోరు జారకు' అన్నాడు."

"జారావా?"

"జారలా. పదకొండు చేశానని చెప్పా."

"ఎన్ని చేశావు?"

"ఐదో క్లాసులో ఒకటి. నోటుపుస్తకం కాగితంతో."

"ఆ పిల్లేమంది?"

"తను పద్నాలుగు చేసిందంట. వాళ్ళ వరండాలో పది నిముషాలు మాట్లాడుకోమన్నారు. 'మీరు దేంతో రాస్తారు?' అనడిగింది. 'మామూలు దాంతోనే' అన్నా. 'నేనూ మామూలు దాంతోనే' అంది. నేనూ ఏదో ఒకటి అడగాలి గదా, 'ముందు ఏ ముక్క రాస్తారు?' అన్నా. 'ముందు రాయాల్సిందే' అంది. ఎంత అనుభవం లేకపోతే అంత పొట్టిగా చెబుద్ది అక్కా?"

"అవునవును. చానా అనుభవం."

"అదేంది, లోపల గరగరమంటంది?"

"ఎలుక."

"పట్టపగలా?"

"నా కొట్లో ఎలుకలు ఇట్టానే ఉంటయ్. నువ్వు చెప్పు."

"బ్రహ్మయ్య బాబాయి ఒక పెట్టె పట్టుకొచ్చి రెండు రెక్కలూ తీశాడు. కుడిది నాకు, ఎడమది ఆ పిల్లకి. ఎల్లుండి తాంబూలాలు. అందరి ముందరా రెండూ తెచ్చి విమానానికి అతికించాలంట."

"అతక్కపోతే?"

"వాళ్ళ నాయనమ్ముంది, రాఘవమ్మ గారు. ఆ ఇంట్లో ఆమె మాటే మాట. 'రెక్కలు కుదిరితే జంట కుదిరినట్టే, వంకరపోతే ఇంకో సంబంధం చూడు బ్రహ్మయ్యా' అంది. నవ్వుతానే అంది. కానీ పోయినేడు కాఫీ గ్లాసులో బల్లి పడిందని ఒక సంబంధం వద్దందంట ఆమె."

"వద్దంటే పోనియ్. పల్నాట్లో పిల్లలు కరువా?"

"నాకొద్దు."

"ఏం?"

"ఆ పిల్లే కావాల."

"అంత అందంగా ఉంటదా?"

"ఉంటది, అది కాదు. కాఫీ ఇస్తా ఇస్తా నా చొక్కా మీద ఒంపింది. అందరూ కంగారు పడతంటే, తను మాత్రం ఆ మరక వంక చూసి, 'కప్పు ముప్ఫై డిగ్రీలు వంగింది' అని మెల్లగా అంది. నాకొక్కడికే వినబడేట్టు. అక్కా, నేను సర్వేయర్ని. రోజూ గట్ల మీద డిగ్రీలు చూస్తా, నాతో ఎవడూ డిగ్రీల గురించి మాట్లాడడు. ఆ చొక్కా ఇంతవరకూ ఉతకనియ్యలా."

"ఉతకలా?"

"నవ్వనన్నావు."

"నవ్వింది నేను కాదు."

"మరెవరు?"

"ఎలుక."

"ఎలుక నవ్విద్దా?"

"దగ్గిందిలే. జలుబు. ఇటు చూడు, పని చెబుతా. ఇనుప ఫైలు ముట్టుకోవాక, ప్లాస్టిక్‌ని గీరేస్తది. ముందు ఈ గుంటలో గమ్ము చుక్క వేసి ఆరనీ. ఆరాక గాజు ఫైలుతో ఎత్తు తగ్గించు. తర్వాత వాటర్ పేపరు, తడిపి రాసే ఉప్పుకాగితం, ఆరొందల నంబరుది, ఆ తర్వాత వెయ్యి. చేత్తో పట్టుకుని రాయొద్దు. ఐస్‌క్రీం పుల్లకి అతికించుకో, చదునుగా తెగుద్ది. నీళ్ళల్లో ముంచి రాయి, పొడి ఎగరదు."

"బఫరు?"

"అంచు గుండ్రంగా ఉంటది చూడు, అక్కడికి బఫరు. రెక్కతో పాటు ఒంగుద్ది. బొడిపె పోయిందో లేదో కళ్ళతో చూడొద్దు, కళ్ళు మోసం చేస్తయ్. కళ్ళు మూసుకుని గోరుతో తడుము."

"బ్యాటరీ మిషను వద్దంటావా?"

"వేడికి కరిగి అప్పడమవుద్ది. దాని మీద నుంచి చూపు తియ్యి."

"తీశా. అక్కా, గాజులమ్మేదానివి, ఇవన్నీ నీకెట్టా తెలుసు?"

"గోళ్ళ సంగతి నాకు తెలవదా?"

"గోళ్ళు కాదు, రెక్కలు."

"ఒకాయన చెప్పాడులే. బఫర్లు రెండిచ్చేదా?"

"ఒకటి చాలు. ఎవరాయన?"

"రెండు తీసుకో. ఎలుక్కొకటి."

"ఏందక్కా నువ్వు మాట్లాడేది?"

"ఇంక చాలు షంషాదక్కా. ఎలుకనయ్యి అరగంటైంది. ఆ గరగర నాదే."

కొట్టు వెనక తెర పక్కకు జరిగింది. యశస్విని చేతిలో ఎడమ రెక్క, ముక్కు మీద తెల్లటి పొడి.

"మీరా?"

"నేనే శ్రీకాంత్ గారూ. పద్నాలుగు చేసినదాన్ని."

"మీరు ఇక్కడ... మొత్తం విన్నారా?"

"చొక్కా దాకా."

"అయిపోయింది. నేను బొల్లాపల్లి పోతా."

"ఆగండి. ముందు ఇది చూడండి."

"ఎడమ రెక్క. ఇదేంది, మీదీ ఇట్టా అయింది?"

"మా నాయనమ్మ కాళ్ళు రుద్దుకునే రాయితో రాశా."

"పద్నాలుగు చేసిన మీరు రాయితో రాశారా?"

"ఇదే మొదటిది. మీరు పదకొండు అన్నారు, ఫిజిక్స్ చెప్పేదాన్ని, తక్కువ చెబితే పరువు పోద్దని మూడు కలిపా."

"అంటే 'మామూలు దాంతోనే' అన్నది..."

"మీరు అన్నదే తిప్పి మీకు చెప్పా. పిల్లలు వైవాలో నాతో అట్టానే చేస్తారు."

"మరి విమానాలంటే మీకు ప్రాణమని..."

"నాకా? మీకు గదా ప్రాణం. బ్రహ్మయ్య గారు చెప్పారు."

"మీకూ బ్రహ్మయ్య బాబాయేనా? ఏమన్నా కావాలంటే షంషాద్ కొట్టుకి పొమ్మన్నది కూడా?"

"ఆయనే. పొద్దున బస్సెక్కి వచ్చా. మీవాళ్ళెవరన్నా చూస్తారేమోనని అక్క నన్ను తెర వెనక కూర్చోబెట్టింది."

"అక్కా, నీకు ముందే తెలుసు."

"తెలుసు తమ్ముడూ. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. బ్రహ్మయ్య పొదుపరి, ఒక్క అబద్ధంతో ఐదు కుదిర్చాడు. మీరు ఐదో జంట."

"ఐదు జంటలూ రెక్కలు రాశారా?"

"ఈ బల్ల మీదే. నాకీ చదువంతా చెప్పింది కూడా ఆయనే. ఏడేళ్ళ నుంచి నెలకో నెయిల్ ఫైలు కొంటాడు. ఇంట్లో ఆడదిక్కు లేదు, ఎవరి గోళ్ళకా అనుకునేదాన్ని. ఒకరోజు అడిగా. నీలాగే జేబులోంచి రెక్క తీశాడు."

"ఆయనే చేస్తాడా విమానాలు?"

"భార్య పోయాక మొదలుపెట్టాడంట. ఏ ఇంటికి పోయినా జాతకాలు, కట్నాలు, పొలాలు. ఆయన విమానం మాటెత్తితే వినే దిక్కు లేదు. నేను గాజులు పేర్చుకుంటా వింటా, నాకొచ్చేది అంతంతే. ఈ చుట్టుపక్కల తనతో కూర్చుని రెక్క రాసేవాళ్ళు ఒక్కరన్నా తయారవుతారేమోనని ఆశ. అందుకని దొరికిన ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆ పిచ్చి అంటగడతాడు."

"తయారయ్యారా?"

"ఏం తయారవుతారు తల్లీ. తాంబూలాలప్పుడు అతికించారు, ఫొటో దిగారు, అయిపోయింది. మా వెనక వీధిలో ఝాన్సీ వాళ్ళ టీవీ మీదుంది ఒకటి, దుమ్ము పట్టి. దానికి తోక కూడా లేదు."

"మా పెట్టెలోనూ తోక లేదు. అడిగితే యాడో పోయింది, తర్వాత చూద్దామన్నాడు."

"అందరికీ అదే మాట. 'పెళ్ళయ్యాక పిలవండి, వెతికి తెస్తా' అంటాడంట. ఎవరు పిలుస్తారు? ఏరు దాటిందాకా ఓడమల్లయ్య, దాటినాక బోడిమల్లయ్య."

"అక్కా, ఈ సామాను ఇంక మాకెందుకు? ఇద్దరికీ రాదని తేలిపోయింది గదా. వాపసు తీసుకో."

"వాపసా? శ్రీకాంత్ గారూ, ఇందాక మీరు మాట్లాడేప్పుడు నేను ఈ అంచు బొడిపె తీశా. ఆరొందలు, వెయ్యి, బఫరు. ఎంత హాయిగా ఉందో తెలుసా? చెయ్యి ఇవ్వండి. కళ్ళు మూసుకోండి. గోరుతో తడమండి."

"తడిమా."

"తగిలిందా?"

"తగల్లా."

"ఇంకోసారి."

"తగల్లా. చానా బాగుంది."

"చేతులు వదలండి ఇద్దరూ, తాంబూలాలు ఎల్లుండి గదా. నా కొట్టుకి ఆడవాళ్ళొస్తారు."

"వదిలాం అక్కా. యశస్విని గారూ, ఇప్పుడు మీ నాయనమ్మకేం చెబుదాం?"

"ఏం చెప్పొద్దు. రెక్కలు కుదిర్చే తీసుకుపోదాం. రెండు రోజులుంది. నేర్పేవాళ్ళుంటే చాలు."

"నేర్పేవాళ్ళు యాడ..."

"మీ బ్రహ్మయ్య బాబాయికి ఫోన్ చెయ్యండి. స్పీకర్ పెట్టండి."

"చేస్తన్నా. హలో, బాబాయ్, నేను శ్రీకాంత్‌ని."

"చెప్పు నాయనా. రెక్క విరగలేదు గదా?"

"విరగలా. షంషాదక్క కొట్లో ఉన్నా. యశస్విని కూడా ఇక్కడే ఉంది."

"ఇద్దరూ ఉన్నారా? అయితే తెలిసిపోయిందన్నమాట. నాయనా, తప్పు నాదే, ఆ పిల్ల మంచిది. నన్ను తిట్టు, సంబంధం మాత్రం వదులుకోవాక."

"బ్రహ్మయ్య గారూ, నేను యశస్వినిని. సంబంధం ఎవరూ వదులుకోవట్లా. మాకు రాయడం రావట్లా. మీరొచ్చి మాతో కూర్చోండి. రెక్కలతో ఆపం, విమానం మొత్తం చేస్తాం. ఆ తోక కూడా కాస్త వెతికి తీసుకురండి."

"బాబాయ్, తోక నిజంగా పోయిందా?"

"పోవడమేంది నాయనా. మీదీ, ఆ నాలుగు జంటలవీ, ఐదు తోకలూ నునుపుగా రాసి గూట్లో పెట్టుకున్నా. పిలిచింది మీరొక్కళ్ళే."