పీరు కుట్టిన ఆకాశం

అద్దంకిలో ఫోమ్ పరుపుల షాపు కొత్తగా తెరిచిన రోజులవి. దూది పరుపులు కుట్టే పీరుకి పని సన్నగిల్లింది, మాటలు పెరిగాయి. నిరుడు భార్య మదార్‌బీ పోయాక మరీను. సాయంత్రమైతే కోటిరత్నం టీ కొట్టు బల్ల మీదే ఉండేవాడు.

ఆ రోజు మిరప రైతు బాపయ్య టీ తాగి లేవబోతుంటే పీరు చెయ్యి పట్టుకుని ఆపాడు.

"కూర్చోవయ్యా, ఏం మునిగిపోయింది. దూది కూరాక దిండు మూతి ఎవరైనా కుడతారు, ఆ కుట్టు గట్టులాగా పైకి కనపడుద్ది. నేనట్టా కాదు. రెండంచులూ లోపలికి మడిచి, ఈ మడతలో ఓ పొడుపు, ఆ మడతలో ఓ పొడుపు, నిచ్చెన మెట్లలాగా పోయి చివర దారం లాగానంటే రెండు పెదాలూ కలిసిపోతయ్. పొన్నూరులో ఒకాయన దిండు మూతి కోసం వెతికి వెతికి, దొరక్క చివరికి దాని కడుపు కోశాడు."

"ఆయన కోసింది దిండు, నువ్వు కోసేవి కోతలు," అన్నాడు బాపయ్య.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అది విని ఓ రైతు కబురుపెట్టాడు. ఎండకి చేను నెర్రెలిచ్చి గేదె కాలు ఇరుక్కుంది. గేదెను బయటికి లాగి, గోనెసూదితో చేనంతా కుట్టేశా. మర్నాడు నాగలి దిగితే ఒట్టు."

బాపయ్య నవ్వి మళ్ళీ కూర్చున్నాడు. పీరుకి ఊపొచ్చింది.

"అదీ ఓ పనేనా? తుఫానుకి ఆకాశం అంచు ఊడి సముద్రం మీద వేలాడుతోందని వాడరేవు పడవలోళ్ళు మొత్తుకుంటే, పడవలో పోయి ఆకాశానికో మడత, నీళ్ళకో మడత పెట్టి కుట్టా. ఇప్పుడెళ్ళి చూడు, రెండూ ఎక్కడ కలిశాయో కనిపెట్టలేవు."

గ్లాసులు కడుగుతున్న కోటిరత్నం తలెత్తకుండానే అడిగింది.

"అంత సూదికి దారం ఎవరెక్కించారు బాబాయ్? మొన్న మా దిండు కుట్టేటప్పుడు కళ్ళు ఆనట్లేదని నాచేతే ఎక్కించుకున్నావుగా."

బాపయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే లేచి, కండువా దులుపుకుని వెళ్ళిపోయాడు.

పీరు కూడా నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

"మదార్‌బీ ఎక్కించేది," అన్నాడు. "పొద్దున్నే సూదులన్నిటికీ దారాలెక్కించి గోడ క్యాలెండరుకి గుచ్చిపెట్టేది. ఆఖరుసారి గుచ్చినవి ఇంకా అట్టాగే ఉన్నయ్. వాటితో కుట్టబుద్ధి కావట్లా."

కోటిరత్నం చేతిలో గ్లాసు బల్ల మీద బోర్లించింది.

"ఇంటికెళ్ళు బాబాయ్, పొద్దుగూకింది," అంది మెల్లగా.

"వెళ్తాలే," అన్నాడు పీరు. లేవలేదు.