చుక్కల సత్రం కట్టిన శ్రీ నెహెమ్యా గారు

1995 జూలై 3, సోమవారం నాడు భీమడోలు నుంచి పాసింజరు రైలులో వచ్చి, ఏలూరులోని మన కేబుల్ ఛానల్‌లో సాంకేతిక సహాయకులుగా బాధ్యతలు స్వీకరించిన శ్రీ నెహెమ్యా గారు, ముప్పై సంవత్సరాల సుదీర్ఘ సేవానంతరం ఈ జూన్ 30న పదవీ విరమణ చేస్తున్నారు. అభినందన సంచిక సంపాదకురాలు, ఈ వ్యాసకర్త అయిన సింధూరి, వివరాల కోసం వారింటికి వెళితే ఆయన ప్రశంసాపత్రాలు తీయలేదు, ఫోటోలు చూపించలేదు. "నా గురించి ఏం రాసినా సరేనమ్మా. ఆ రోజు తెర కింద హెచ్చరిక వేయమని నేను చెప్పానని ఒక్క ముక్క రాయండి, చాలు" అన్నారు. సంచిక సంఘం వారు మాత్రం ఆ ఒక్క ముక్క తప్ప ఏదైనా రాయమన్నారు.

మిషన్ పాఠశాల ఉపాధ్యాయుని కుమారులైన నెహెమ్యా గారు తీగలు అతికే పనితో మొదలుపెట్టి, నాలుగేళ్ళలో కెమెరా చేపట్టారు. కొల్లేటి వరదలను దోనెలో నిలబడి చిత్రీకరించారు. ద్వారకా తిరుమల కల్యాణోత్సవాన్ని ఏటా ఇంటింటికీ చేర్చారు. క్రైస్తవులై ఉండి స్వామివారి కల్యాణం అంత శ్రద్ధగా చూపిస్తారేమండీ అని ఎవరో అడిగితే, "పెళ్ళి పెళ్ళే కదండీ. తలంబ్రాలు తప్పిపోతే ఎవరూరుకుంటారు?" అన్నారు.

2011 ఆగస్టులో ఆయన తన జీవితంలోకెల్లా సాహసోపేతమైన పనికి పూనుకున్నారు. శనిగ్రహం దాటాక ఒక సత్రం, దాన్ని నడిపే గోదావరి కుటుంబం, దారిలో ఆగే వ్యోమనౌకల ప్రయాణికులు, వారి టిఫిన్ల తగాదాలు: ఇదీ 'చుక్కల సత్రం' హాస్య ధారావాహిక. రచన, దర్శకత్వం, ఛాయాగ్రహణం, చివరికి వడ్రంగం కూడా ఆయనదే. కైకలూరులో మూతపడ్డ ఐస్ ఫ్యాక్టరీ అంతరిక్షమైంది. చేపలు సర్దే థర్మోకోల్ పెట్టెలు సత్రం గోడలయ్యాయి. ఆ వాసనకు నటులు ముక్కు మూసుకుంటే, "అంతరిక్షంలో గాలి ఉండదండీ, మీరసలు పీల్చకూడదు" అని సముదాయించేవారు.

భారరహిత స్థితిని చూపించవలసిన రోజున మన సంస్థ మంజూరు చేసిన సామగ్రి ఒక గాలపు దారం. నెహెమ్యా గారు దానికి ఇడ్లీ కట్టి, అటక మీద బోర్లా పడుకుని, మూడు గంటలసేపు దాన్ని ఆడించారు. సత్రం యజమానురాలి వేషం కట్టిన తాడేపల్లిగూడెం రంగస్థల నటి వెంకటనరసమ్మ గారి ముక్కు ముందు నుంచి ఆ ఇడ్లీ తేలుతూ పోతుంటే, ఒక ప్రయాణికుడు "ఏవండీ, అది గ్రహమాండీ?" అని అడగాలి. అడిగాడు. ఆవిడ రాసిచ్చిన మాట మరిచిపోయి, "గ్రహమైతే చట్నీ అడగదు కదండీ" అని టక్కున నోట్లో వేసుకున్నారు. అటక మీద ఆయన నవ్వుకు దారమంతా వణికింది. ఆ వణుకు ప్రసారంలోనూ ఉంది. ఆ వారం మన ఊళ్ళో పిల్లలు ఇడ్లీని గ్రహమనే పిలిచారు.

శనివారాలు రాత్రి ఏడున్నరకు వచ్చే ఆ ధారావాహిక ఆరు భాగాలకే ముగిసింది. ఆరవ భాగంలో, 2150వ సంవత్సరంలో, ఒక నక్షత్ర వ్యాపారి సత్రం మైకులో ప్రకటిస్తాడు: "రేపటి నుంచి రొయ్యల కొనుగోళ్ళు బంద్. సరుకున్నవారు తెల్లారేలోగా వలలేసి పట్టుబడి చేసుకోండి." నవ్వు రావాలని ఆ మాటలను రోజూ మన ఛానల్‌లో రొయ్యల రేట్లు చదివే ఆయన చేతే చెప్పించారు. ఆ గొంతు వినకపోతే కైకలూరు వైపు రైతులకు ముద్ద దిగదని ఎరిగినవారు కనుకనే, ఇది కల్పిత నాటిక అని ప్రసారం పొడవునా తెర కింద వేయమని కంట్రోల్ రూముకు చీటీ రాసిచ్చి, ఏడవ భాగం చిత్రీకరణకు వెళ్ళిపోయారు. తీరా ఆ జాగాలో ఒక దాణా కంపెనీ ప్రకటన నడిచింది.

చెరువు గట్ల మీది షెడ్లలో వలలు బాగుచేసుకుంటూ టీవీని చెవులతో విని, రేట్ల వరుస కోసం తెర అడుగుకేసి మాత్రమే తలెత్తేవారికి అది ఏ శతాబ్దమో ఎలా తెలుస్తుంది? తెల్లారేసరికి నాలుగూళ్ళ చెరువుల్లో వలలు పడ్డాయి. ఐసు చాలలేదు, లారీలు చాలలేదు, కొనేవారు చెప్పిందే ధర అయింది. సోమవారం హనుమంతరావు అనే రైతు కార్యాలయానికి వచ్చారు. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. "ఇంకో ఇరవై రోజులాగితే సైజొచ్చేదండీ. మీ రేట్లాయన గొంతే కదండీ, నమ్మక ఏం చేస్తామండీ?" అన్నారు. నెహెమ్యా గారు రెండు చేతులూ జోడించారు.

విచారణలో మాత్రం చీటీ సంగతి స్పష్టంగా చెప్పారు. రికార్డింగు వేసి చూస్తే హెచ్చరిక లేదు. కంట్రోల్ రూములో వెతికితే చీటీ లేదు. 'బాధ్యతారాహిత్యం, అసత్య వాంగ్మూలం' అని తీర్పు రాసి, సత్రానికి తాళం వేసి, ఆయనను స్క్రోలింగు విభాగానికి బదిలీ చేశారు. పద్నాలుగేళ్ళపాటు ఊరందరి పుట్టినరోజులూ, చావు కబుర్లూ, కరెంటు కోతలూ, రొయ్యల రేట్లూ ఆయనే టైపు చేశారు. ఒక్క అంకె తప్పిపోలేదు. దీన్ని మన యాజమాన్యం నిబద్ధత అని కొనియాడుతోంది. కాళ్ళు విరగ్గొట్టి, కదలకుండా కూర్చున్నాడని మెచ్చుకోవడం అంటే ఇదే.

"ఆ తరవాత ఆదివారం చర్చిలో వాక్యం చదవమని పాస్టరుగారు పిలిస్తే లేవలేదమ్మా" అని ఆయన సతీమణి శ్రీమతి మార్తమ్మ గారు చెప్పారు. "నాబోటి అబద్ధాలకోరు చదివితే ఎవరు వింటారు అన్నారు. ఇప్పటికీ లేవరు."

ఇక ఆ ఒక్క ముక్క. హెచ్చరిక వేయమని నెహెమ్యా గారు చెప్పారు. చీటీ రాసి మరీ ఇచ్చారు. "ఆ లైను తీసెయ్యమ్మా, దాణా కంపెనీవాళ్ళు చూస్తున్నారు. అరగంటలో ఏం మునిగిపోద్ది?" అన్నది నాటి ప్రకటనల మేనేజరు కార్తికేయ గారు. తీసిన చెయ్యి, కంట్రోల్ రూములో ఉద్యోగానికి చేరి నలభై రోజులైన ఈ వ్యాసకర్తది. విచారణ గదిలో నెహెమ్యా గారు ఇటు తిరిగి, "నీ చేతికే ఇచ్చాను కదమ్మా" అని అడిగినప్పుడు, "గుర్తు లేదండీ" అంది. చీటీ ఆ క్షణాన ఆమె చేతిసంచిలోనే ఉంది. ఉద్యోగం పోతుందన్న భయం నిజమే. ఆ భయం పద్నాలుగేళ్ళు ఉండదు, సిగ్గులేనితనం ఉంటుంది. "చిన్నపిల్ల, కంగారులో ఎక్కడో పారేసుకుని ఉంటుంది" అని ఆయన అందరికీ సర్దిచెప్పారు. ఎడిటింగు నేర్పిందీ ఆయనే.

ఈ సంగతి ఆయనకు ఈ పుట చదివితేనే తెలుస్తుంది. ఎదుటి పుటలో యాజమాన్యం వారి శుభాకాంక్షలకు బదులు ఆ చీటీ అచ్చయింది. ప్రూఫులు దిద్దే పని ఈ వ్యాసకర్తదే కనుక ఎవరికీ ముందుగా కనబడలేదు.

శ్రీ నెహెమ్యా గారు మార్తమ్మ గారి తోడుగా, పిల్లాపాపల నడుమ, ఏ కొరతా ఎరగని ఆరోగ్యంతో నిండు నూరేళ్ళు వర్ధిల్లాలి. ఆయన బతుకులో పద్నాలుగేళ్ళు తీసుకున్నవాళ్ళం. ఆయనకు నూరేళ్ళివ్వమని దేవుణ్ణి అడగడానికి మనకు మొహం లేదు. అయినా అడుగుతున్నాం.