పసుపన్నం మీద బ్రాకెట్లు

బాండుంగ్‌లో మా ఆఫీసు వెనకే బు నినింగ్, అంటే నినింగ్ అమ్మగారి, భోజనాల కొట్టు. కొత్త సాఫ్ట్‌వేర్ విడుదలైన సాయంత్రం అందరం అక్కడ చేరాం. లోపల నినింగ్ పసుపన్నాన్ని గోపురంలా పేరుస్తోంది. ఎవరి వల్ల పని గట్టెక్కిందో వాళ్ల పళ్లెంలో దాని కొన కోసి పెట్టడం మా ఆనవాయితీ. ఆ కొన మీద కన్నేసిన కాంగ్ యాయత్, అంటే యాయత్ అన్న, సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో పుస్తకాలు రాసే మా ఆఫీసు పెద్దాయన, అల్లం టీ పట్టుకుని మొదలెట్టాడు.

"నేను చేసింది ఏమంత పెద్ద పని కాదర్రా. ఒక్క పేజీ రాశాను, అంతే. అప్పట్లో ఓ ఆస్పత్రి గుమస్తా, పుస్తకంలో ‹రోగి పేరు› అని ఉంటే పాపం బ్రాకెట్లతో సహా అలాగే టైపు కొట్టేశాడు. డాక్టరు వచ్చి 'రోగి పేరూ!' అని కేకేస్తే వార్డు వార్డంతా లేచి నిలబడింది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? పుస్తకం మొదట్లోనే రాసిపెట్టాను. కోణపు బ్రాకెట్లలో ఉన్నది తీసేసి మీది రాయండి, బ్రాకెట్లు కొట్టకండి. చదరపు బ్రాకెట్లలో ఉన్నది మీకిష్టమైతేనే. మూడు చుక్కలుంటే ఎన్నిసార్లయినా కానివ్వండి. ఆ రోజు నుంచి ఈ దేశంలో ఒక్కడు తప్పు కొడితే ఒట్టు!"

"ఒక్కడు కూడానా, కాంగ్?" అంది వులాన్. వాడకందారుల ఫోన్లన్నీ ఎత్తేది ఆ అమ్మాయే.

"నువ్వు మధ్యలో అడ్డం రాకు. ఆ పేజీ మహిమ పుస్తకంతో ఆగిందనుకున్నావా? మా మేనత్త కోడి గుడ్లు పెట్టట్లేదని ఏడిస్తే, గూటికి 'గుడ్డు...' అని చీటీ అంటించాను. మూడు చుక్కలు! కోడి చూసింది, మొదలెట్టింది. గూడు నిండింది, వాకిలి నిండింది, వీధిలో బస్సు గుడ్ల మధ్య ఇరుక్కుపోయింది. కండక్టరు దిగొచ్చి నా కాళ్లు పట్టుకున్నాడు."

"మరి ఎలా ఆపావు?" అన్నాను.

"రెండు చుక్కలు గోటితో గీకేశాను. ఒక్కటే మిగిలేసరికి కోడికి వాక్యం అయిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మన తంగ్కుబాన్ పరాహు కొండ పొగ కక్కుతోందని పై ఊళ్లవాళ్లు మూటాముల్లే సర్దుకున్నారు. నేను పలక మీద 'పొగ విడుచు' అని రాసి, చుట్టూ చదరపు బ్రాకెట్లు పెట్టి, దాని నోటి అంచున నిలబెట్టాను. ఇష్టమైతేనే అన్నమాట! కొండ చదువుకుంది. ఇంత మర్యాదగా నన్నెవరూ అడగలేదంటూ నోరు మూసుకుంది."

"నిన్న కూడా పొగ కనిపించిందే?" అంది వులాన్.

"నిన్న దానికి ఇష్టమైంది, మనం కాదంటామా? సరే, ఇప్పుడు చెప్పండి, ఆ కొన ఎవరికి చెందాలి? నా నోటితో నేను అడగను. మీరే పేరు చెబుతారని, గోపురం మీద ఏం రాయాలో నినింగ్‌కి చీటీ పంపినప్పుడు కూడా ఎవరి పేరూ రాయలేదు."

అంతలో నినింగ్ పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. పచ్చటి అన్నం మీద క్యారెట్ ముక్కలతో శ్రద్ధగా పేర్చి ఉంది: ధన్యవాదాలు ‹పేరు›.

"బు! అక్కడ మనిషి పేరు పెట్టాలి కదా!" అన్నాడు యాయత్.

"నువ్వు పంపింది పంపినట్టే పెట్టాను. ఆ వంకర గీతలు కోసేసరికి నా వేళ్లు పడిపోయాయి. వాటికి వేరే అర్థం ఉందని నాకెవరు చెప్పారు?"

కొట్టంతా ఘొల్లుమంది. వులాన్ కళ్లు తుడుచుకుంటూ అంది, "చూశావా కాంగ్? నాకు రోజూ వచ్చే ఫోన్లు ఇవే. నీ పేజీ ఎవరూ తెరవరు. నాకే ఫోన్ చేస్తారు. ఆ బ్రాకెట్లు తీసేయండి పాక్, తీసేయండి సారూ అని, విసుక్కోకుండా నేనే చెబుతాను."

 యాయత్ క్యారెట్ బ్రాకెట్లు రెండూ తీసి నోట్లో వేసుకున్నాడు. తర్వాత కొన కోసి వులాన్ పళ్లెంలో పెట్టాడు.

"ఇన్నేళ్లూ నా రాతను జనానికి చేరవేసింది నువ్వేనమ్మా. చాలా సంతోషం. నిజంగా."

వులాన్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుందో లేదో ఫోన్ మోగింది.

"చెప్పండి పాక్... ఆ బ్రాకెట్లా? మా దగ్గర వాటిని తినేస్తారు. మీరు తీసేస్తే చాలు."