టేకు పోస్టులు

పోలీసు యాక్షన్ జరిగి రెండు నెలలైంది. మెదక్ ఫుట్‌బాల్ మైదానం కంచె బయట క్లబ్బు సెక్రెటరీతో, ఏ ఆటా వదలని ఓ ముసలి అభిమాని మాట్లాడుతున్నాడు.

“గ్రౌండు పోలీసు క్యాంపుకిచ్చేటప్పుడు మమ్మల్ని ఒక్కమాటన్న అడిగిండ్రా సాబ్?”

“ప్రెసిడెంటు దొర ఇచ్చిండు. నేనేం జేస్త?”

“మీరెన్నడేం జేసిండ్రు? బంతి తన్నరాని దొర అల్లుడు కెప్టెనాయె. వెట్టికి రానన్నడని మా గోల్‌కీపర్ జయానందాన్ని టీములకెల్లి తీసేస్తిరి.”

“నువ్వు మొత్తుకున్నవని గోల్ పోస్టులు మార్పిచ్చినం గదా!”

“మార్పిచ్చిండ్రు. బంతి తగిలితేనే ఊగేటివి పీకి, టేకు దుంగలు పాతిండ్రు. గా ఒక్క పనికి నేను సుత మెచ్చుకున్న.”

“ఇగ ఇంటికి పో. సెంట్రీ ఇటే చూస్తుండు.”

“చూడనీండ్రి. పొద్దటిసంది జయానందాన్ని గా పోస్టుకే కట్టేసి కొడుతుండ్రు. కమ్యూనిస్టుల సంగంల ఉన్నడని క్యాంపుల ఎవరు చెప్పిండ్రు?”

“దొర చెప్పిండు. నేను పక్కనే ఉంటి.”

“అద్దనలేదా?”

“దొర మాటకు ఎట్లద్దంట?”

మైదానంలోంచి కేక వినిపించింది. ముసలాయన రెండు చేతులతో కంచె పట్టుకున్నాడు.

“పాత పోస్టే ఉంటె, నా కొడుకు ఒక్క గుంజుడుకు పీక్కొని ఉరికేటోడు సాబ్.”