హుసేన్ వలి సంతకం పెట్టని జాబితా

పెద్దలారా, ఉపాధ్యాయులారా, విద్యార్థులారా,

మన కాలేజీలో పదకొండేళ్ళు డ్రిల్లు మాస్టరుగా పనిచేసిన హుసేన్ వలి గారు పోయిన శుక్రవారం కన్నుమూశారు. ఆయన జనాజాకు పద్నాలుగు మంది వచ్చారు. ఈ రోజేమో హాలు చాలక కిటికీల దగ్గర కూడా నిలబడ్డారు. సంతోషం! మోయమంటే అందరికీ భుజం నొప్పి, కూర్చోమంటే ఎవరికీ ఏ నొప్పీ లేదు.

ఇందాక కమిటీ కార్యదర్శి గోపన్నగారు ఆయన్ను క్రీడాజ్యోతి అన్నారు. ఏ నోటితో అన్నారు అయ్యా? రెండేళ్ళ కిందట ఇదే హాలులో ఇంటిదొంగ అన్న నోటితోనేనా?

ఆయన ఎలాంటివారో నాకు తెలుసు. ఎనిమిదేళ్ళ కిందట వేరే జిల్లా కాలేజీలో చదువుతున్న నన్ను గోపన్నగారే స్వయంగా వచ్చి తీసుకొచ్చారు. నా చదువు మీద ప్రేమతో కాదు, నా ఆరడుగుల పొడవు మీద ప్రేమతో. సంతలో ఎద్దును చూసినట్టు నా అరచేతులు తిప్పి చూశారు. ఈ మద్దిలేటి వస్తే బాస్కెట్‌బాల్ షీల్డు కర్నూలుకు వచ్చినట్టేనన్నారు. హాస్టల్లో రోజూ రెండు గుడ్లు, కాళ్ళకు కొత్త బూట్లు. నేనూ మురిసిపోయాను.

హుసేన్ వలి గారు నన్ను ఒకటే అడిగారు: "సదువుకొచ్చినావా అప్పా, ఆటకొచ్చినావా?" రెండింటికీ అన్నాను. "అట్లయితే ఏడాది బెంచీ మింద కూర్చో. కాలేజీ మారినోడు ఏడాది దాకా ఆడకూడదని రూలుండాది" అన్నారు. ఆ ఏడాదంతా ఆయన్ను తిట్టుకున్నాను. ఆయన మాత్రం రోజూ సాయంత్రం ప్రాక్టీసు అయ్యాక లెక్కల పుస్తకం తెమ్మనేవారు. నా జన్మలో మొదటిసారి లెక్కలు ప్యాసయ్యాను. ఈ రోజు డ్రిల్లు మాస్టరుగా ఆయన కుర్చీలో నేను కూర్చున్నానంటే అది ఆయన పెట్టిన భిక్ష. ఆయనంటే నాకు ప్రాణం. ఆ మాట ఆయన బతికుండగా చెప్పలేకపోయాను.

1937 షీల్డు గుర్తుందా? ఎందుకు గుర్తుండదు! బండి మీద షీల్డు, ముందు బ్యాండు, వెనక మీరు. ఆ జట్టులో ఇద్దరికి మన క్లాసు గదులు ఎటున్నాయో కూడా తెలియదు. ఒకాయనకు ఇద్దరు పిల్లలు. పేరు పిలిస్తే వెనక బెంచీ నుంచి ఎవడో ఒకడు హాజర్ అనేవాడు. హుసేన్ వలి గారు ఆ జట్టు జాబితా మీద సంతకం పెట్టనన్నారు. పెట్టకపోతే ఏమైంది? ఆయనకు జ్వరమని రాసి, ఇంకొకరి సంతకంతో పంపించారు. జ్వరం లేని ఆ మనిషి టోర్నమెంటు వారికి ఉన్నదున్నట్టు ఉత్తరం రాశారు. షీల్డు వెనక్కు పోయింది, ఆయన ఉద్యోగమూ పోయింది. ఆయన భార్య చాంద్ బేగమ్మగారు కుట్టుమిషను తొక్కి ఇల్లు నడిపారు. ఆ ఇంటి గడప ఎవరు తొక్కారు? మీలో ఒక్కరైనా తొక్కారా?

ఎందుకు రాశారని నేనే అడిగాను. "మన పిల్లోల్లను ఇద్దర్ని తీసేసి వాల్లను ఏసినారు. ఆ పిల్లోల్లు బ్యాండు ఎనక ఏడ్చుకుంటా పోతాండ్రి. నేను సూసినా కదప్పా" అన్నారు.

రేపు ఈ ఏడాది జాబితా పోవాలి. అది నా జేబులోనే ఉంది. అందులో ఏడో పేరు సుంకప్ప. ఇంటర్ ప్యాసై మూడేళ్ళయిన సుంకప్ప, మళ్ళీ ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరాడు. ఎంత చదువు దాహమో చూడండి! సుంకప్పా, నీ మీద నాకు కోపం లేదు, నన్నూ ఇలాగే తెచ్చారు. కానీ ఈ ఉదయం గోపన్నగారు సంతాప తీర్మానాన్నీ, ఆ జాబితానూ ఒకే బల్ల మీద పెట్టి, రెండింటి మీదా సంతకం చేయమన్నారు. సిగ్గనేది ఉన్నవాళ్ళు కనీసం ఒక రోజు ఆగుతారు.

ఇప్పుడు అందరం లేచి రెండు నిమిషాలు మౌనం పాటించాలి. అయితే ఒక్క మనవి. లేచి నిలబడ్డవారంతా సుంకప్ప పేరు కొట్టేసి జాబితా పంపమన్నట్టే నేను లెక్క వేసుకుంటాను. ఇష్టం లేనివారు కూర్చోవచ్చు, బలవంతం లేదు. చాంద్ బేగమ్మగారు, భర్త పోయాక గడప దాటకూడని ఇద్దత్‌లో ఉండి రాలేకపోయారు. ఎవరు లేచారో, ఎవరు కూర్చున్నారో ఆమెకు నేను వెళ్ళి చెప్పాలి.

లేవండి. గోపన్నగారూ, ముందు మీరు.